అంకమ్మ ఇచ్చిన బిడ్డ

ఈ ఏడు మా సంఘంలో ముగ్గురమ్మాయిలు ట్రైనింగు పూర్తి చేసుకుని బైబిలు స్త్రీ పనిలో చేరబోతున్నారు. నరసరావుపేటలో మా ఇంటికి వచ్చి, పనిలోకి వెళ్ళేముందు నాలుగు ముక్కలు చెప్పమని అడిగారు. నోటితో చెప్పిన ముక్కలు బస్సెక్కేలోపే మర్చిపోతారు కాబట్టి రాస్తున్నాను. నన్ను ఏ ఊరికి ఎప్పుడు వేశారు, ఏ మీటింగులో ఎవరు శాలువా కప్పారు అనే సంగతులు ఇందులో లేవు. వాటితో మీకు పనిలేదు, నిజానికి నాకూ లేదు.

గుమ్మంలో చెప్పే కథ

తెల్లచీర, చేతిసంచి, అందులో బైబిలు, పాటల పుస్తకం. బయటివాళ్ళకు మన పని ఇంతే కనిపిస్తుంది. పాస్టరు అయ్యగారు గుడిలో ప్రసంగం చేస్తారు. మనం గుమ్మాల్లో కూర్చుని కథ చెబుతాం. చదువురాని ఆడవాళ్ళకు లేఖనం అంటే మన నోరే. మనం చెప్పింది అందులో ఉన్నట్టు, చెప్పనిది లేనట్టు. అది ఎంత బరువో ట్రైనింగులో ఎవరూ చెప్పరు.

పైగా మన కథ వినేవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోరు. మిరపకాయల తొడిమలు తీస్తూ, పిల్లల తలలు దువ్వుతూ, కంకర కొడుతూ వింటారు. అసలు వింటున్నారా అని మనకు అనుమానం వస్తుంది. ఉన్నట్టుండి ఒకామె తలెత్తి ఒక ప్రశ్న వేస్తుంది. అప్పుడు అనుమానం తీరిపోతుంది, మన నోరు మూతపడుతుంది.

ఎనభైల మొదట్లో నాకు గురజాల అవతల సున్నపురాయి క్వారీల పక్కన రాళ్ళు కొట్టేవాళ్ళ గుడిసెలు అప్పజెప్పారు. వాళ్ళు హిందువులు. అంకమ్మ తల్లికీ, పోతురాజుకూ మొక్కేవాళ్ళు. నన్ను వెళ్ళిపొమ్మని ఎవరూ అనలేదు. మధ్యాహ్నం ఎండ తగ్గేదాకా ఏదో ఒకటి వినాలి కదా, బైబిలమ్మ చెప్పేదే విందాం అనుకునేవాళ్ళు.

ఒకరోజు అబ్రాహాము కథ చెప్పాను. దేవుడు కొడుకును బలి ఇవ్వమన్నాడు, ఆయన మారు మాట్లాడకుండా పొద్దున్నే లేచి గాడిద వీపు మీద గంత కట్టాడు, కత్తి పట్టుకున్నాడు, కొడుకు నెత్తిన కట్టెలు పెట్టాడు. విధేయత అంటే అదీ అని గట్టిగా ముగించాను. ఒక ముసలామె సుత్తి పక్కన పెట్టి అడిగింది. "వాళ్ళమ్మకు చెప్పి తీసకపోయాడా?"

తల్లి శారాకు చెప్పినట్టు ఎక్కడా రాసిలేదు. ఆ మాటే చెప్పాను. ఆమె "ఊఁ" అని మళ్ళీ సుత్తి అందుకుంది. ఆ "ఊఁ" నాకు నచ్చలేదు. ఇంటికెళ్ళి ఆ అధ్యాయం మళ్ళీ చదువుకున్నాను, ఇంకా నచ్చలేదు. మీకూ ఇలాంటివి తగులుతాయి. తగిలినప్పుడు లేని జవాబు కల్పించి చెప్పకండి.

అంకమ్మ అడిగింది

ఆ గుడిసెల్లో ఆ తల్లి పేరే పెట్టుకున్న అంకమ్మ అనే ఆమె ఉండేది. ఆమె మొగుడు నాగయ్య బండలు పగలగొట్టేవాడు. మాట తక్కువ మనిషి. పెళ్ళయి చానాళ్ళయినా వాళ్ళకు పిల్లలు లేరు. తిరగని గుడి లేదు, కట్టని ముడుపు లేదు. అత్త రెండో సంబంధం వెతుకుతున్న రోజుల్లో, నేను హన్నా కథ చెబుతుండగా అంకమ్మ దగ్గరికి జరిగి కూర్చుంది.

కథ మీకు తెలుసు. పిల్లలు లేని హన్నా మందిరంలో ఏడ్చి, మగబిడ్డను ఇస్తే ఆ బిడ్డను బతికినన్నాళ్ళూ నీకే ఇచ్చేస్తానని దేవునికి మాట ఇచ్చింది. సమూయేలు పుట్టాడు. పాలు మాన్పించాక తీసుకెళ్ళి యాజకుడైన ఏలీకి అప్పగించి వచ్చేసింది. అంకమ్మ అంతా విని, బాప్తిస్మం లేనివాళ్ళు కూడా ఆ దేవుణ్ణి అడగొచ్చా అంది. అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదన్నాను. అక్కడే కంకర కుప్ప పక్కన మోకాళ్ళూని, హన్నా అన్నట్టే అంది. నాగయ్య కొంచెం అవతల బండ మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. అతనికీ వినిపించింది. బీడీ పారేసి పనిలోకి దిగాడు.

ఏడాది తిరిగేసరికి మగపిల్లాడు పుట్టాడు. అంకమ్మ వాడికి సమూయేలు అని పేరు పెట్టింది. నాగయ్య మాత్రం అంజీ అనే పిలిచేవాడు. వాడు రెండు పేర్లకూ పలికేవాడు. ఆమె ఆదివారం గుడికి రావడం మొదలుపెట్టి తర్వాత బాప్తిస్మం తీసుకుంది. నాగయ్య ఆమెను గుడిదాకా తోడు తీసుకొచ్చి, బయట వేపచెట్టు కింద కూర్చుని, ప్రార్థన అయ్యాక తీసుకెళ్ళేవాడు. ఏనాడూ లోపలికి రాలేదు.

ఆ కథ ఆమెకు ఎందుకు చెప్పావని తర్వాత కొందరు నన్ను తప్పుపట్టారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. గొడ్రాలని పేరుపడిన మనిషికి హన్నా కథ చెప్పకపోతే ఇంకెవరికి చెబుతాం? మన చిక్కు వేరే. మనం కథను కథలాగా చెప్పి లేచిపోతాం. వాళ్ళు దాన్ని తప్పకూడని మాటగా తీసుకుంటారు.

గుమ్మడికాయల మధ్య

పల్నాడులో మన సంఘాలకు కోత పండుగ ఎలాంటిదో కొత్తవాళ్ళకు చెప్పాలి. మొదటి పంటలో భాగం దేవునికి ఇవ్వమని పాత నిబంధనలో ఉంది కాబట్టి, కోతలప్పుడు ఒక ఆదివారం ఎవరి పంట వాళ్ళు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. మిరపకాయలు, కందులు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, ఒక్కోసారి గొర్రెపిల్ల. ఆరాధన అయ్యాక అవన్నీ గుడి ముందు వేలం వేస్తారు. ఎవరి కోడిని వాళ్ళే పాడుకుని ఇంటికి తీసుకెళ్ళడం కూడా ఉంది. ఆ పూట నవ్వులూ వేళాకోళాలూ చాలా ఉంటాయి.

పిల్లాడు పాలు మానిన ఏడు, అంకమ్మ కోత పండుగకు వాడికి తలంటి, కొత్త చొక్కా తొడిగి తీసుకొచ్చింది. కానుకలు తెచ్చేవాళ్ళ వరసలో నిలబడింది. తన వంతు వచ్చాక పిల్లాణ్ణి గుమ్మడికాయల మధ్య నిలబెట్టి, దణ్ణం పెట్టి, వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టింది.

మొదట అందరూ నవ్వారు. తర్వాత పిల్లాడు "అమ్మా" అని ఏడుస్తూ వెంటపడ్డాడు. ఆమె వాడి చెయ్యి విడిపించుకుని, మళ్ళీ తీసుకెళ్ళి అక్కడే నిలబెట్టింది. నవ్వు ఆగిపోయింది. గుడంతా ఆ ఒక్క ఏడుపే. సమూయేలును వదిలిపెట్టినప్పుడు వాడు ఏడ్చాడని లేఖనంలో లేదు. ఏడ్చే ఉంటాడని నాకు ఆరోజే తోచింది.

అప్పుడు మా అయ్యగారు పెద్దాయన. కోపిష్టి. రిపోర్టు ఆలస్యమైతే నన్ను అందరి ముందూ కడిగేసేవారు. ఆయనతో నాకు పడేది కాదు. ఆరోజు మాత్రం ఆయనకు ఏం చెయ్యాలో తెలియలేదు. సంఘపెద్ద ఒకాయన లేచి, మనుషులను మొక్కుకుంటే వెల కట్టి విడిపించుకోవచ్చని మోషే ధర్మశాస్త్రంలోనే ఉంది, పేదవాళ్ళయితే వాళ్ళ శక్తికొద్దీ ఇస్తే చాలన్నాడు. మాట నిజమే, అలాగే ఉంది. అయ్యగారు అదే అంకమ్మకు చెప్పారు.

"నేను ఇస్తానంది పిల్లోణ్ణి అయ్యగారూ, డబ్బుల్ని కాదు," అంది.

అయ్యగారు బలిపీఠం వైపు తిరిగి మోకాళ్ళూని చాలాసేపు ఉండిపోయారు. కోళ్ళు అరుస్తున్నాయి, పిల్లాడు వెక్కుతున్నాడు, జనం కదలలేదు. చివరికి ఆయన లేచి పిల్లాణ్ణి ఎత్తుకుని, "దేవుడు వీణ్ణి తీసుకున్నాడు. ఇక వీడు నీవాడు కాదు," అన్నారు. అంకమ్మ తలూపింది. అప్పుడు ఆయన మోషే కథ చెప్పారు. నదిలో వదిలిన మోషేను ఫరో కూతురు ఎత్తుకుంది. పాలిచ్చి పెంచమని తెలియకుండానే వాడి కన్నతల్లి చేతికే ఇచ్చింది. "అట్లాగే ఈ బిడ్డను తీసుకెళ్ళి దేవుని కోసం పెంచు," అని పిల్లాణ్ణి అంకమ్మ చేతికివ్వబోయారు.

ఆమె ఆయన ముఖంలోకి చూసి, దేవుడే చెప్పాడా అని అడిగింది. చెప్పాడన్నారు. అప్పుడుగాని బిడ్డను తీసుకోలేదు.

నా ఉద్యోగమంతటిలో నేను విన్న ప్రసంగాలన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు. ఆరోజు నుంచి ఆయన కోపాన్ని కూడా నేను ఓర్చుకున్నాను.

మళ్ళీ మళ్ళీ ఇవ్వడం

దాంతో అయిపోయిందని మేమనుకున్నాం. అంకమ్మ అనుకోలేదు. మరుసటి కోత పండుగకూ పిల్లాణ్ణి తీసుకొచ్చి బలిపీఠం ముందు నిలబెట్టింది. పెంచమని ఇచ్చినవాళ్ళకు ఎలా పెంచుతున్నామో చూపించాలి కదా అంది. అయ్యగారు మళ్ళీ మోకాళ్ళూని, మళ్ళీ అదే మాట చెప్పి ఇచ్చారు. అలా ఏటేటా జరిగేది. ఊళ్ళో వాళ్ళకు అదొక వేడుక అయిపోయింది.

ఆమెకు వేడుక కాదు. పండుగ దగ్గరికొచ్చే కొద్దీ ఆమె అన్నం సరిగా తినేది కాదు. ఈ ఏడు దేవుడు ఏం చెబుతాడో అనేది. ఒకసారి చిరాకేసి, "ఏమే, నువ్వు ఇవ్వడమెందుకు, భయపడటమెందుకు? ఆయన మంచివాడని నమ్మవా?" అన్నాను. నమ్మబట్టే తీసుకొస్తున్నానంది. ఎక్కడున్నా వాడు ఆయన చేతిలోనే ఉంటాడని తనకు తెలుసని, కానీ తన చేతులకు ఆ సంగతి తెలియదని చెప్పి, ఆ చేతులు చూసుకుంది. రాళ్ళు కొట్టి కాయలు కాసిన చేతులు. దైవచిత్తం మీద నేను కొన్న పుస్తకాల్లో ఇంత మాట దొరకలేదు.

తర్వాత పెద్దయ్యగారు రిటైరై వెళ్ళిపోయారు. ఆయన స్థానంలో చదువుకున్న కుర్ర అయ్యగారు వచ్చారు. మంచివారు. తిరగడానికి స్కూటరు, తలలో ఎన్నో ప్లాన్లు. క్వారీ పిల్లలు బడి లేక రాళ్ళ మధ్య పెరుగుతున్నారని నిజంగా బాధపడేవారు. ఆయన వచ్చిన ఏడే, కోత పండుగకు నన్ను మాచర్ల అవతల ఇంకో సంఘంలో స్త్రీల సభకు పొమ్మన్నారు. వెళ్ళాను.

నేను తిరిగొచ్చేసరికి నాగయ్య మా ఇంటి ముందు నిలబడి ఉన్నాడు. అంతకుముందు అతను నాతో పట్టుమని పది మాటలు మాట్లాడిన గుర్తు లేదు.

"అక్కా, అంజిగాణ్ణి హాస్టల్లో వేశారు. అది అన్నం ముట్టట్లా," అన్నాడు. మళ్ళీ తనే, "దాన్ని నేనేం అనను. మాట ఇచ్చింది, ఇచ్చుకుంది. నన్నెవరైనా ఒక్క మాట అడిగారా?" అన్నాడు.

అంకమ్మ ఎప్పటిలాగే పిల్లాణ్ణి తీసుకెళ్ళి బలిపీఠం ముందు నిలబెట్టి, దేవునికి ఇస్తున్నానంది. కొత్త అయ్యగారికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆయన చాలా సంతోషించి, "మంచి పని చేశావమ్మా, వదిలిపెట్టి వెళ్ళు. మాచర్ల హాస్టల్లో చేర్పిస్తాను, చదువంతా మేమే చూసుకుంటాం," అన్నారు. అంకమ్మ కాసేపు అక్కడే నిలబడి, తర్వాత వదిలిపెట్టి వెళ్ళిపోయింది. పిల్లాడు కూడా ఎప్పటిలాగే మళ్ళీ ఇస్తారనుకుని ఏడవకుండా నిలబడ్డాడట. సంఘపెద్దలకు మొదటినుంచీ అంతా తెలుసు. ఎందుకు చెప్పలేదయ్యా అని అడిగితే, అయ్యగారు అన్న తర్వాత మేమేం మాట్లాడతాం అన్నారు. అది విధేయత కాదు. గుడిలో నోరు మూసుకోవడమంతా విధేయత అనుకునే జబ్బు మనకు బాగా ఉంది.

మాట ఎవరిది

నేను ముందు అంకమ్మ దగ్గరికి వెళ్ళాను. కంకర కొడుతోంది. చెయ్యి ఆపలేదు. కొత్తాయనకు తెలియక అన్నాడు, నేను మాట్లాడతాను, పిల్లాణ్ణి పంపిస్తారు అన్నాను. ఆమె అప్పుడు ఆగింది.

"అక్కా, ఇంటికి తీసకపొమ్మన్నప్పుడల్లా దేవుడే అన్నాడనుకున్నా. ఇప్పుడు వదిలెయ్యమంటే, అయ్యగారే అన్నాడనుకోమంటావా?"

మనకు నచ్చిన మాట దేవునిది, నచ్చని మాట మనిషిది. మనమందరం చేసేది అదే. ఆమె అలా చేయనంది. అక్కడ నాకు ఏడుపు ఆగలేదు. ఆమె నన్ను ఓదార్చలేదు, తన పని తను చేసుకుంది.

అక్కడినుంచి అయ్యగారి ఇంటికి వెళ్ళాను. పెద్దయ్యగారి సంగతి మొదటినుంచీ చెప్పాను. ఆయన నొచ్చుకున్నారు. ఆమె ఇష్టపడే వదిలింది కదా, పిల్లాడు చదువుకుంటాడు, ఇందులో నేను చేసిన అన్యాయం ఏమిటన్నారు. చదువు మాట నిజమే. ఆ పిల్లాడికి హాస్టలు మంచిదే కావచ్చు. నేను కాదనలేదు.

"నేను హాస్టలు సంగతి మాట్లాడానమ్మా. దాన్ని ఆమె దేవుని మాట అనుకుంటే నేనేం చెయ్యను?" అన్నారు.

"బలిపీఠం ముందు నిలబడి హాస్టలు సంగతి మాట్లాడకూడదు అయ్యగారూ," అన్నాను. పై అధికారితో అలా మాట్లాడితే బదిలీ అవుతుందని తెలుసు. అయితే కానిమ్మనుకున్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటే జనం ఏమనుకుంటారు, ఇవాళ ఒకటి, రేపు ఒకటి చెబుతాడనరా అన్నారు. అప్పుడు నాకు నాతాను ప్రవక్త గుర్తొచ్చాడు. దావీదు దేవునికి మందిరం కట్టాలనుకుంటున్నానంటే, నాతాను ఆలోచించకుండా, నీ మనసులో ఉన్నది చెయ్యి, దేవుడు నీకు తోడున్నాడనేశాడు. మంచి పనే కదా, అడగడమెందుకు అనుకున్నాడు. దేవుడు ఆ రాత్రే అతన్ని వెనక్కి పంపాడు. తను చెప్పిన మాట తప్పని రాజు ముందు నిలబడి తనే చెప్పుకున్నాడు. అయినా ప్రవక్తగానే ఉన్నాడు, ఆ పేరు పోలేదు.

ఆయన నాకంటే ఎక్కువ చదువుకున్నవారు. ఆ కథ నేను చెప్పాల్సిన పనిలేదు, నాతాను పేరు ఒక్కటే అన్నాను. ఆయన లేచి గుడిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. నేను మెట్ల మీద కూర్చున్నాను. కోపం వచ్చి వెళ్ళారో, ప్రార్థనకు వెళ్ళారో నాకు తెలియదు. చాలాసేపటికి బయటికి వచ్చి, మాచర్ల బస్సు ఎన్నింటికని అడిగారు.

సాయంత్రానికి హాస్టలు నుంచి పిల్లాణ్ణి తీసుకుని ముగ్గురం గురజాలలో దిగి క్వారీకి నడిచాం. దారంతా పిల్లాడే హాస్టల్లో పెట్టిన కూర గురించి, గంట గురించి చెబుతూ వచ్చాడు.

అంకమ్మ దూరం నుంచే చూసి లేచి నిలబడింది. నాగయ్య బండ మీదనుంచి దిగాడు. పిల్లాడు పరిగెత్తి వెళ్ళి ఆమె నడుము పట్టుకున్నాడు. ఆమె వాణ్ణి ముట్టుకోలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, అయ్యగారు దగ్గరికి వచ్చేదాకా అలాగే నిలబడింది. వాడు ఆమె చీర లాగుతున్నాడు, అమ్మా అమ్మా అంటున్నాడు, ఆమె వాడి వైపు చూడటం లేదు. అది చూడటం నావల్ల కాలేదు. నేను తల తిప్పుకున్నాను.

అయ్యగారు వచ్చి, బిడ్డను తీసుకుని దేవుని కోసం పెంచమన్నారు.

"ఈ మాట ఎవరిది అయ్యగారూ?" అంది అంకమ్మ.

దేవునిదే అనేస్తే అయిపోతుంది. నేనైతే అనేసేదాన్నే. ఆయన నాగయ్య వైపు చూశారు, పిల్లాడి వైపు చూశారు, మళ్ళీ ఆమె వైపు తిరిగారు.

"వదిలి వెళ్ళమన్న మాట నాదమ్మా. ఆయన్ని అడగకుండా అన్నాను. ఇది అడిగి తెచ్చిన మాట."

అంకమ్మ చేతులు ముందుకు వచ్చాయి.